మల్లమ్మగారి మంచం పక్కన కూర్చున్నది ఎవరు?

దయ్యాల కథలు వినడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. నమ్మడం మాత్రం ఎప్పుడూ చేతకాలేదు. కోనసీమలో మా ఊళ్ళో కరెంటు పోయిన సాయంత్రాలు పిల్లలందరూ ఒకరినొకరు పట్టుకుని వణుకుతుంటే, నేను మధ్యలో ప్రశ్నలడిగి కథ పాడుచేసేదాన్ని. ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరు ఏ తప్పు దొరికిందన్నా "మళ్ళీ చేసి చూపించండి" అనడమే నా పని.

ఇప్పుడు రాస్తున్నది మళ్ళీ చేసి చూపించగలిగేది కాదు. అందుకే చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

నేను ఉండేది గోపన్‌పల్లిలో. మా బిల్డింగ్ ఉన్నచోట ఒకప్పుడు జొన్నచేను ఉండేదట. ఆ చేను మల్లమ్మగారి కుటుంబానిది. ఇల్లు కట్టి పైవన్నీ కిరాయికిచ్చి, కింద వాళ్ళుంటున్నారు. మల్లమ్మగారు, నీళ్ళ ట్యాంకర్ నడిపే కొడుకు యాదగిరి, కోడలు లావణ్య, ఐదో తరగతి చదివే మనవరాలు. పైన ఒక ఫ్లాట్‌లో నేనొక్కదాన్నే.

వాళ్ళతో నాకు పెద్ద పరిచయం లేదు. పొద్దున నేను క్యాబ్ కోసం దిగేసరికి మల్లమ్మగారు గేటు పక్కన కుర్చీలో ఉండేవారు. "తిన్నవా బిడ్డా?" అనేవారు. "తిన్నానండీ" అంటూ వెళ్ళిపోయేదాన్ని. అంతే.

ఆ ఏడాది వేసవి ముందు ఆఫీసులో ఒక చిన్న సంగతి జరిగింది. నేను ఏళ్ళ తరబడి పనిచేసిన సాఫ్ట్‌వేర్‌ను ఒక శుక్రవారం ఆపేశారు. దానికోసం పండగలు మానుకున్నాను, కుదిరిన ఒక సంబంధం కూడా వాయిదాలు పడీపడీ చెడిపోయింది. సోమవారం ఎవరైనా ఫోన్ చేసి "అదేమైంది, మాకు కావాలి" అంటారని లోపల ఎక్కడో ఎదురుచూశాను. ఎవరూ చేయలేదు. నన్ను ఇంకో ప్రాజెక్టులో వేశారు, జీతం కూడా పెంచారు. ఆన్‌లైన్ మీటింగులో మేనేజర్ "ఎలా ఉన్నారు?" అని మామూలుగా అడిగితే నాకు జవాబు రాలేదు. మైక్ ఆగిపోయిందనుకుని ఆయన వేరే విషయానికి వెళ్ళిపోయారు.

సెలవు పెట్టి హిమాలయాలకు బయల్దేరాను. నన్ను నేను వెతుక్కోవడానికి వెళ్తున్నానని స్నేహితురాళ్ళతో అన్నాను. అంటున్నప్పుడే కొంచెం సిగ్గేసింది. కానీ ఆ మాట అబద్ధం కాదు.

రిషికేశ్‌లో జనమే జనం. అక్కడినుంచి జీపులో పైకి, ఒక చిన్న ఆశ్రమానికి వెళ్ళాను. అక్కడ ఫోన్లు ఆఫీసు గదిలో ఇచ్చేయాలి. మధ్యాహ్నం భోజనం అయ్యాక అందరం హాల్లో కళ్ళు మూసుకుని కూర్చోవాలి. సాయంత్రం టీ వరకు మాట్లాడకూడదు. నా పక్కన పుణె నుంచి వచ్చిన రిటైర్డ్ టీచర్ కూర్చునేది. ఆవిడను అందరూ తాయీ అనేవాళ్ళు.

"నేనెవరు అని అడుగుతూ ఉండండి, అదే చెప్తుంది" అన్నారు అక్కడి పెద్దాయన. అడిగాను. వంటింట్లో గ్యాస్ కట్టేశానా లేదా అన్న ఆలోచన తప్ప ఏమీ రాలేదు. బయట వాన, ఎదురుగా కొండల మీద మంచు. చలికి రెండు శాలువాలు కప్పుకున్నా వణుకే.

కొన్ని రోజులు గడిచాక, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి స్పిరిట్ వాసన వచ్చింది. ఆసుపత్రిలో ఇంజెక్షన్‌కు ముందు వచ్చే వాసన. కళ్ళు తెరిస్తే హాలు హాల్లాగే ఉంది. మళ్ళీ మూసుకున్నాను. నా కుడి అరచెయ్యి వేడెక్కసాగింది. కాలేంత కాదు. జ్వరంతో ఉన్నవాళ్ళ చెయ్యి పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా.

టీ దగ్గర గ్లాసు అందిస్తూ తాయీ నా చెయ్యి తాకి ఉలిక్కిపడింది. "నీకు జ్వరమమ్మా!" అంది. ఎడమ చెయ్యి పట్టుకు చూసింది. అది మంచుగడ్డలా ఉంది. "ఇదేమిటి, ఒక్క చెయ్యికే జ్వరమా?" అని నవ్వింది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం అలాగే అయ్యేది. ఇంకొకటి కూడా. కళ్ళు తెరిచేసరికి గొంతు ఎండిపోయి ఉండేది, చాలాసేపు ఎవరితోనో మాట్లాడినట్టు. పెద్దాయనకు చెబితే, కదలకుండా కూర్చుంటే రక్తప్రసరణలో తేడాలు వస్తాయన్నారు. సబబుగానే అనిపించింది. నేను వెళ్ళే రోజుకు రెండు మూడు రోజుల ముందే అది దానంతటదే ఆగిపోయింది.

వెళ్ళినదాన్ని వెళ్ళినట్టే తిరిగొచ్చాను. నాకేమీ దొరకలేదు. ఎయిర్‌పోర్టు నుంచి క్యాబ్‌లో వస్తూ, అడిగినవాళ్ళకు ఏం చెప్పాలా అని ఆలోచించుకున్నాను.

గేటు దగ్గర క్యాబ్ ఆగగానే లావణ్య పరుగెత్తుకొచ్చింది. నా చేతిలో సంచి లాక్కుని, నన్ను కౌగిలించుకుని ఏడ్చేసింది. అంతకుముందు మేమిద్దరం చేతులు తాకేంత దగ్గరగా కూడా ఎప్పుడూ నిలబడలేదు.

"ఎటు పోయినవక్కా? డిశ్చార్జి నాడు నీకోసం ఎంత చూసినమో. అత్తమ్మ అయితే నువ్వొచ్చేదాకా బండి ఎక్కనని మొండికేసింది."

నాకేమీ అర్థం కాలేదు. "ఏమైంది లావణ్యా? ఎవరికి బాలేదు?" అన్నాను.

"గట్లంటవేంది?" అని కళ్ళు తుడుచుకుంది. "నువ్వు లేకపోతే నేను ఆగమైపోతుంటి అక్కా. ఎండకాలం గద, ఈయన ట్యాంకర్ ఆపనీకి లేదు. ఇంట్ల పిల్ల ఒక్కతే. మధ్యాహ్నం మధ్యాహ్నం నువ్వొచ్చి కూసుంటేనే గద నేను ఇంటికొచ్చి ఇంత వండుకొని పోయిన."

నిదానంగా అడిగితే విషయం తెలిసింది. నేను వెళ్ళిన వారానికి మల్లమ్మగారు బాత్‌రూమ్‌లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. కొండాపూర్ వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. తర్వాత జ్వరం పట్టుకుని తగ్గలేదు. ఆ రోజుల్లో నేను వచ్చి కూర్చునేదాన్నట. లావణ్యతో పెద్దగా మాట్లాడేదాన్ని కాదట. లావణ్య లేచి వెళ్తుంటే వెళ్ళిరమ్మని తల ఊపేదాన్నట.

"లావణ్యా, నేను ఊళ్ళోనే లేను. ఇప్పుడే దిగాను" అన్నాను.

ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ముఖం చిన్నబుచ్చుకుంది. మళ్ళీ ఏదైనా సాయం అడుగుతామేమోనని తప్పించుకుంటున్నానని అనుకున్నట్టుంది. అది భరించలేక ఫోన్ తీసి చూపించాను. ఆశ్రమంలో చివరిరోజు తీసిన గ్రూపు ఫోటో, రైలు టికెట్లు, విమానం టికెట్టు. లావణ్య ఫోటోను చాలాసేపు చూసింది. అందులో నేను ఆవపువ్వు రంగు కుర్తా వేసుకుని ఉన్నాను.

"గిదే అక్కా" అంది మెల్లగా. "గిదే అంగీ ఏసుకొనొస్తుంటివి."

సంచి అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

రెండు రోజులు వాళ్ళ తలుపు మూసే ఉంది. మనవరాలిని మెట్లెక్కనివ్వలేదు. తర్వాత మల్లమ్మగారి రిపోర్టుల కోసం లావణ్య ఒక్కతే ఆసుపత్రికి వెళ్తుంటే నేనూ వస్తానన్నాను. లావణ్య కాదనలేదు. క్యాబ్‌లో మాత్రం ముందు సీట్లో కూర్చుంది.

వార్డులోకి అడుగుపెట్టగానే, నేను ఎన్నడూ చూడని ఒక నర్సు నన్ను చూసి నవ్వింది. "మేడం, బ్లడ్ టెస్ట్ చేయించుకున్నారా?" అంది.

"ఏ టెస్ట్ అండి?"

"చెప్పాను కదండీ ఆరోజు. ఇంత ఎండల్లో మీ చెయ్యి అలా చల్లగా ఉండకూడదు. రక్తం తక్కువేమో చూపించుకోమంటే నవ్వి ఊరుకున్నారు."

లావణ్య నా వైపు చూసింది. బయటికొచ్చి సెక్యూరిటీ వాళ్ళను కెమెరా రికార్డింగు గురించి అడిగాను. కొన్ని రోజులకు మించి ఉంచరని, పాతవి చెరిగిపోతాయని చెప్పారు.

ఇంటికొచ్చి పద్ధతిగా ఆలోచించాను. నాలాంటి మనిషి ఇంకొకరు ఉండొచ్చు. పక్క మంచం పేషెంటు తాలూకు వాళ్ళెవరో జాలిపడి కూర్చుని ఉండొచ్చు. నిద్రలేని లావణ్య, జ్వరంలో ఉన్న మల్లమ్మగారు పొరబడి ఉండొచ్చు. నర్సు రోజుకు ఎంతోమందిని చూస్తుంది. ఒక్కొక్కటీ విడిగా తీసుకుంటే అన్నీ సాధ్యమే. నా చెయ్యి వేడెక్కడం, ఆ మనిషి చెయ్యి చల్లగా ఉండటం మాత్రం ఏ గడిలోనూ ఇమడలేదు.

ఆ తర్వాత మూడోనాడు లావణ్యే పైకొచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"నాకైతే భయమైతుందక్కా, ఏమనుకోకు. కానీ అత్తమ్మ నిన్ను తోల్కరమ్మని ఒకటే లొల్లి. అన్నం గూడ ముట్టలే."

కిందికి వెళ్ళాను. మల్లమ్మగారు మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. నన్ను చూడగానే కోపంగా ముఖం తిప్పుకున్నారు.

"మా కోడలు నిన్నేమన్న అన్నదా? మాట్లాడకుండ మాయమైతరా?"

"అమ్మా, ఆసుపత్రికి వచ్చింది నేను కాదండీ" అన్నాను.

"ఊకో! నా కండ్లు పోయినయా? మంచిగ కూసొని ముచ్చట చెప్పి, సగంల ఆపి పోయినవ్. గది మిగిలింది చెప్పు ముందు."

"ఏం ముచ్చటండీ?"

"మీ అమ్మమ్మది. గోదారి పొంగింది, నీళ్ళు ఇంట్లకొచ్చినయ్, అందరు పెంకుల మీదికెక్కిన్రు. పడవొచ్చింది. నీ అమ్మమ్మ అత్త ఎక్కనన్నది. ఇల్లిడిసి రానన్నది. నీ అమ్మమ్మ చంటిపిల్లను పడవల ఇచ్చి పంపి, తను ఆ ముసల్దాని కాడ్నే ఉండిపోయింది. అయితే పడవ మళ్ళ వచ్చిందా, లేదా?"

మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను. అది మా ఇంటి కథ. అమ్మమ్మ నాకు చిన్నప్పుడు చెప్పింది. హైదరాబాద్‌లో ఎవరికీ నేను చెప్పలేదు. చెప్పాల్సిన సందర్భమే రాలేదు.

మల్లమ్మగారు ఏదో గుర్తొచ్చి నవ్వారు. "ఆ ముసల్ది ఏం మనిషమ్మా! అంత నీళ్ళల్ల, చుట్ట తడిసిపోయిందని ఏడ్చిందంట."

ఆ మాట నాకు తెలియదు. అమ్మమ్మ నాకు చెప్పిన కథలో చుట్ట లేదు. ఆ క్షణంలో నాకు ధైర్యం వచ్చింది. ఇదిగో తప్పు దొరికింది, ఇది ఇంకెవరి కథో కలిసింది అనుకున్నాను. ఇప్పుడే వస్తానని చెప్పి గుమ్మం బయటికొచ్చి రావులపాలెంలో ఉన్న మా పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఆ రోజు పడవలో వెళ్ళిన చంటిపిల్ల ఆవిడే.

"పెద్దమ్మా, అమ్మమ్మ వాళ్ళ అత్తగారు చుట్ట తాగేదా?"

"నీకెవరు చెప్పారే?" అంది. "అడ్డచుట్ట కాల్చేదట. వరదలో చుట్టలన్నీ తడిసిపోయాయని ఏడిస్తే, మా అమ్మకు ఆ పరిస్థితిలోనూ నవ్వాగలేదట. పెద్దావిడ పరువు పోతుందని ఆ ముక్క పిల్లలకెవరికీ చెప్పేది కాదు. నాకు మాత్రం పోయేముందు చెప్పింది. ఇంతకీ ఎవరు చెప్పారే నీకు?"

ఏదో ఒకటి చెప్పి పెట్టేశాను.

లోపలికి వెళ్ళాను. మల్లమ్మగారు నా కోసమే చూస్తున్నారు. చెయ్యి చాపారు. పట్టుకున్నాను. అది మామూలుగానే ఉంది, నాదీ మామూలుగానే ఉంది.

"వచ్చిందండీ పడవ" అన్నాను. "సాయంత్రం అవుతుండగా వచ్చింది. పడవవాడు అత్తగారిని బతిమాలలేదు. ఎత్తి పడవలో వేశాడు. ఆవిడ ఒడ్డుకు చేరేదాకా వాణ్ణి తిడుతూనే ఉందట. అమ్మమ్మ చీర కొంగుతో ఆవిణ్ణి తన నడుముకు కట్టేసుకుందట, మళ్ళీ ఎక్కడ దూకేస్తుందోనని."

"మంచిపని చేసింది" అన్నారు మల్లమ్మగారు. "మరి పిల్ల?"

"పిల్లను గట్టు మీద ఎవరో పాలు పట్టి పడుకోబెట్టారు. పొద్దున దొరికింది."

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలారు. "గిది ఆనాడే చెప్తే అయిపోతుండె గద. ఇన్ని దినాలు ఉత్తగ పరేషాన్ చేసినవ్." తర్వాత కోడల్ని పిలిచి అన్నం పెట్టమన్నారు. లావణ్య రెండు పళ్ళాలు తెచ్చింది. ఒకటి నాకిచ్చి, కొంచెం ఆలోచించి, నా పక్కనే నేల మీద కూర్చుంది.

ఇది జరిగి చాలాకాలమైంది. మల్లమ్మగారు ఇప్పుడు కర్ర పట్టుకుని గేటుదాకా వస్తున్నారు. లావణ్య, నేను ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. నాకు తెలిసిన ఏ లెక్కలోనూ అది ఇమడలేదు, ఇముడుతుందన్న ఆశ కూడా లేదు. ఆ వేసవిలో ఎక్కడున్నావని ఆఫీసులో ఎవరైనా అడిగితే కొండల్లో అని చెప్తాను, ఫోటోలు కూడా చూపిస్తాను. మల్లమ్మగారు వినేటట్టు మాత్రం ఆ మాట అనను.