మా అత్త కాపలా కాసిన మలుపు

మా అత్త పోయిందని మా చిన్నమామ కొడుకు, నాకు మరిది, ఫోను చేసినప్పుడు నేను కాలేజీ స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతున్నాను. "వదినా, పెద్దమ్మ పోయింది," అన్నాడు. చెనిక్కాయ చేలో అడవిపందులు పడ్డాయని ఎవరో చెబితే పొద్దున్నే కట్టె తీసుకుని ఒక్కతే పోయిందంట. పందుల్ని చేను దాటించింది. తిరిగొచ్చి గట్టు ఎక్కుతూ కూలిపోయింది. "కట్టె చేతిలోనే ఉండాది వదినా. తీయబోతే రాలే. ఇద్దరం పట్టి వేళ్ళు విప్పినాం," అన్నాడు.

ఇది జరిగి నెల కూడా కాలేదు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు చల్లని చెయ్యి, మెత్తని మనసు అని రాస్తుంటారు. మా అత్త విషయంలో ఆ రెండూ అబద్ధాలు. ఆమె చెయ్యి ఎప్పుడూ దెబ్బకు సిద్ధంగా ఉండేది. పామును కొట్టేది, కుక్కను కొట్టేది, నీళ్ళ మోటారు ఆగిపోతే దాన్నీ చెప్పుతో కొట్టేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి నా మీదికి చెంబు విసిరింది. తగల్లేదు. గురి తప్పిందో, తనే తప్పించిందో ఈ రోజుకీ నాకు తెలియదు. అడిగితే, "తగలాలనుకుంటే తగిలేదిమే," అనేది. అది జవాబు అవునో కాదో కూడా తెలియదు.

పిల్లలు తప్పు చేస్తే ముందు అన్నం పెట్టేది. "తిను. తిన్నాక కొడ్తా. కడుపులో ఏమీ లేనోణ్ణి నేను కొట్టను." నా కొడుకు చిన్నప్పుడు ఆమె దగ్గర గంటసేపు తినేవాడు. అంత నిదానంగా వాడు మరెక్కడా తినలేదు.

మా మామను నేను చూడలేదు. నా పెండ్లికి చాలా ఏండ్ల ముందే ఆయన్ను చంపినారు. మా ఊరికీ పక్క ఊరికీ మధ్య రోడ్డు ఒక మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పేర్చి, బస్సు ఆపి, ఆయన్ను కిందికి లాగి నరికినారు. మా అత్త ఆ బస్సులోనే ఉంది. కేసు నడిచింది, సాక్షులు మారిపోయారు, కేసు కొట్టేశారు. ఆ పని చేయించినవాడని అందరూ చెప్పుకునే పక్క ఊరి పెద్దాయన చాన్నాళ్ళు బతికి ముసలితనంతోనే పోయాడు. ఆయన కొడుకు అదే మలుపులో భూమి చేసుకుంటున్నాడు. రెండు కుటుంబాలకూ మాట లేదు, నీళ్ళు లేవు.

ఇట్లాంటి రోడ్డు మీద మా ఆయన సైకిలు తొక్కడం మొదలుపెట్టాడు.

ఆయనకు నలభై దాటాక ఈ పిచ్చి పట్టింది. ఒకే రోజున ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీ. పొద్దున చెరువులో దిగితే సాయంత్రానికి గాని ముగియదు. బెంగుళూరు నుంచి, అనంతపురం నుంచి కొందరు కలిసి, శింగనమల చెరువు నిండిన ఏడాది మా దిక్కున ఆ పోటీ పెట్టాలనుకున్నారు. నిండిన చెరువు మాకు మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో ఎవరికి తెలుసు? నెలల తరబడి ఆయన ఈదుతుంటే నేను కట్ట మీద తువ్వాలు పట్టుకుని నిలబడేదాన్ని. తల కనిపించకపోతే గుండె ఆగేది, కనిపిస్తే కోపం వచ్చేది. ఒక మనిషి తన శరీరాన్ని తానే ఇట్లా బాదుకుంటుంటే భార్య చేయాల్సింది ఆపడమా, అరటిపండు అందించడమా? నేను అరటిపండు అందించాను. సరైన పనే చేశానా అంటే చెప్పలేను.

మా అత్తకు మాత్రం అనుమానం లేదు. "ఏమ్మే, నా కొడుకును సంపుకుంటాండావు నువ్వు. వాడు ఎగురుతాడు, నువ్వు తాళం ఏస్తావు."

"నేను చెప్తే వింటాడా అత్తా?"

"చెప్పేదేంది? కాళ్ళిరగ్గొట్టు. ఇంట్లో పడుంటాడు, అన్నం నేను పెడ్తా."

అయినా పోటీ రోజు వచ్చింది. దారి పొడుగునా నీళ్ళూ పండ్లూ ఇచ్చే మజిలీలు పెట్టారు. మలుపు దగ్గర మజిలీ నాది. అది విని మా అత్త పొద్దున్నే కారెక్కి కూర్చుంది. "ఆ మలుపు కాడ నిన్ను ఒక్కదాన్నే ఇడుస్తానా?" వాలంటీర్లకిచ్చిన పచ్చ చొక్కా ఆమెకూ ఒకటిస్తే దాన్ని తలకు గుడ్డగా చుట్టుకుంది. చేతికి జెండా ఇస్తే గుడ్డ చూడలేదు, కట్టె గట్టిదా కాదా అని వంచి చూసింది.

అది ఉలవలు కోసే కాలం. మా పక్క కోసిన ఎండు మొక్కల్ని, ఉలవ కట్టె అంటాం, తెచ్చి తారు రోడ్డు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే కాయ పగిలి గింజ రాలుతుంది. పోటీవాళ్ళు ముందే అన్ని ఊళ్ళకూ పోయి, సైకిళ్ళకు సగం రోడ్డు వదలమని బతిమాలుకున్నారు. మలుపులో ఆ పెద్దాయన కొడుకు కూడా సరేనన్నాడంట. సగం వదిలాడు కూడా. మిగతా సగంలో ఉలవ కట్టె మోకాలెత్తున పరిచి ఉంది. రెండు సగాల మధ్య తలకాయంత రాళ్ళు వరసగా పెట్టి ఉన్నాయి.

మా అత్త ఆ రాళ్ళ దిక్కే ముఖం పెట్టి రోడ్డు పక్కన నిలబడింది.

మా ఆయన వచ్చే వేళకు ఎండ ముదిరింది. తల వంచుకుని, మోచేతులు హ్యాండిల్ మీద ఆనించి, కిందికి చూస్తూ వస్తున్నాడు. నేను నీళ్ళ సీసా చాచాను. మలుపులో గాలి పక్కనుంచి కొట్టింది. ముందు చక్రం రాయికి తగిలింది. సైకిలు అక్కడే ఆగింది, మనిషి ఆగలేదు. గాలిలో లేచి భుజం మీద పడి, తారు మీద జారుతూ పోయాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది, గోనెపట్ట చింపినట్టుంటుంది.

నేను పరుగెత్తాను. తొడ నుంచి మోకాలి దాకా తోలు లేచిపోయింది, హెల్మెట్ పగిలింది, నోట్లో మట్టీ రక్తమూ. నేను చేతులు చాచాను.

"ముట్టుకోవద్దు," అన్నాడు. "ముట్టుకుంటే నన్ను పోటీలోనుంచి తీసేస్తారు."

నిజమే. పడినవాడు తనంతట తనే లేవాలి, నీళ్ళు తప్ప ఏ సాయమూ చేయకూడదు, మాకు నేర్పించిన నియమం అది. నా మొగుడు నా ముందు రక్తం కారుతూ ఉన్నాడు, నేను చేతులు గాల్లో పెట్టుకుని నిలబడ్డాను.

అప్పటికే మా వాళ్ళ మోటారుసైకిళ్ళు వచ్చేశాయి. చూడ్డానికని మా ఊరి మగపిల్లలు దారంతా తిరుగుతున్నారు. అందరికంటే ముందు మరిది. అదే మలుపు, అదే కుటుంబం, మళ్ళీ రాళ్ళు. ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. ఒకడు గొలుసు తీశాడు, ఇంకొకడు రాయెత్తాడు. అటు చేలోనుంచి ఆ పెద్దాయన కొడుకు పరుగెత్తుకొచ్చాడు. ఉలవ కట్టె తిరగేసే పంగలకర్ర ఆయన చేతిలోనే ఉండిపోయింది. అది చూసి మావాళ్ళు, "కర్ర తెచ్చినాడ్రా!" అని అరిచారు. అటువైపు ఇండ్లలోనుంచి కూడా మనుషులు బయటికొస్తున్నారు.

ఇంకొక్క క్షణంలో ఎవరో ఒకరు చచ్చేవాళ్ళు. ఈ మాట అతిశయం కాదు. ఇక్కడ పుట్టినదాన్ని, నాకు తెలుసు.

మా అత్త కొడుకు దగ్గరికి రాలేదు. నేరుగా ఆ మనిషి దగ్గరికి పోయింది. అందరూ ఆగారు, మొదటి దెబ్బ ఆమెదేనని ఇద్దరి పక్కలా ఒప్పుకున్నట్టు. ఆమె చెంప మీద కొట్టింది. యాభై ఏండ్ల మనిషి తల పక్కకు తిరిగింది.

"రాళ్ళెందుకు పెట్టినావురా?"

"లారీలు మీవోళ్ళ సైకిళ్ళ పక్కకు రాకుండా పెట్టినానమ్మా. ఉలవల మీదనే పోతాయని. నా బిడ్డ మీద ఒట్టు."

మా అత్త వెనక్కి తిరిగి రాళ్ళ వరస వెంట నడిచింది. ఒక్కొక్క రాయినీ కాలితో తాకుతూ ఆ చివరి దాకా పోయి వచ్చింది. అంతసేపూ అక్కడ ఉలవ కాయలు ఎండకు చిటపటమనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నిలువుగా పెట్టినాడు," అంది మావాళ్ళతో. "అడ్డం పెట్టిన రాళ్ళు యాడుంటాయో, ఎట్లుంటాయో నేను చూసినా. మీరెవరూ చూడలే. ఇవి అవి కాదు. తెలివి తక్కువోడు, మేలు చేయబోయినాడు."

మరిది వినలేదు. "నువ్వు పక్కకు జరుగు పెద్దమ్మా," అని రాయితో ముందుకొచ్చాడు. అప్పుడామె ఆ మనిషి చేతిలోని పంగలకర్ర లాక్కుని మరిదిని కొట్టింది. రాయి పట్టిన మణికట్టు మీద మొదట. తర్వాత వీపు మీద, తొడల మీద, కింద పడ్డాక కూడా. కర్ర విరిగేదాకా కొట్టింది. ఆ దెబ్బల్లో దయ లేదు. తర్వాత డాక్టరు మరిది మణికట్టు ఎముక చిట్లిందన్నాడు.

"మీ పెద్దనాయన నెత్తురు నేను కడిగినా," అంది రొప్పుతూ. "నీ నెత్తురు ఎవురు కడగాల్రా? నీ పెండ్లామా? దానికి ఇరవై రెండేండ్లు నిండలే."

రాయెత్తినవాడు రాయి కింద పెట్టాడు. అటువాళ్ళు కూడా అక్కడే నిలబడిపోయారు. ఈలోగా మా ఆయన తనంతట తనే లేచాడు. చక్రం తిప్పి చూశాడు, తిరిగింది. ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. ఎటువైపు చూడాలో తెలియక నేను ఆ వీపునే చూశాను. ఆయన ఆగి ఉంటే నాకు సంతోషంగా ఉండేదా? అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

చివరి సైకిలు పోయాక నా మజిలీ మూసేశారు. "రా అత్తా, పోదాం," అన్నాను. ఆమె ఆ రాళ్ళలో ఒకదాని మీద కూర్చుని ఉంది.

"నువ్వు పో. నీ మొగుడు ఆడుండాడు. నేను లేస్తే ఈ నా కొడుకులు మళ్ళీ వస్తారు. వీళ్ళ కాక దిగేదాకా ఈడనే ఉంటా."

నేను పోయాను. చెరువు కట్ట మీద ఆయన పరుగెత్తలేక నడుస్తూ, భుజం నీలంగా కమిలిపోయి, గీత దాటాడు. అప్పుడు ముట్టుకున్నాను. ఆయన మొదటి మాట, "అమ్మ యాడ?"

కారులో మలుపుకు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మా అత్త అదే రాయి మీద ఉంది. ఆమె చుట్టూ ఆ మనిషి ఇంటి ఆడవాళ్ళు ఉలవలు తూర్పారబడుతున్నారు. పొట్టు ఎగిరి ఆమె మీద పడుతోంది. ఆ ఇంటి చెంబు ఒకటి ఆమె పక్కన, నిండుగా, ముట్టకుండా ఉంది.

"అయిపాయనా?" అంది కొడుకును చూసి.

"అయిపాయమ్మా."

దెబ్బ లేని చెంప వెతికి ఒకటి కొట్టింది. "ఇంగ దావ చూసుకుంటా తొక్కు."

తిరుగు దారిలో నేనే అడిగాను, తప్పు చేయనోణ్ణి ఎందుకు కొట్టినావు అని. "అది వాళ్ళ నాయనకు పెట్టుకున్న దెబ్బ," అంది. "ముప్పై ఏండ్లు చేతిలో ఉండిపాయ. వాడు సచ్చిపాయ. ఏం చేసేది, వీనికి పడింది."

క్షమించినావా అని అడిగాను. చదువుకున్నవాళ్ళం కదా, ఆ మాట తొందరగా నోటికొస్తుంది. "యాడిదిమే," అంది. "నేనేమన్నా సన్నాసినా?" ఆ తర్వాత కూడా ఆ ఇంటి నీళ్ళు తాగలేదు, వాళ్ళకు ఎదురుపడితే ముఖం తిప్పుకునేది. మరిది కూడా చాలా నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఆమె వాడికి రోజూ గిన్నెలో కూర పంపేది, వాడు తిని గిన్నె పంపేవాడు, అంతే.

కొట్టి కొట్లాట ఆపిన మనిషిని నేను మెచ్చుకోవాలా? తరగతిలో పిల్లలు అడిగితే ఏం చెబుతాను? ఆ రోజు నేను గొంతెత్తి నాలుగు మంచి మాటలు చెప్పి ఉంటే ఎవరూ వినేవాళ్ళు కాదు. ఆమె చెయ్యి విన్నారు. ఇది నాకు నచ్చలేదు. కాని మా ఇంటి మగపిల్లలంతా బతికే ఉన్నారు, జైల్లో కాదు, ఇండ్లలో ఉన్నారు. అక్కడి నుంచి ముందుకు నా ఆలోచన నడవదు.

ఆమెను మా చేలోనే మామ పక్కన మట్టిలో పెట్టాం. జనం చాలామంది వచ్చారు. అందరూ పిడికెడు మట్టి వేశాక మరిది పార తీసుకుని గుంత పూడుస్తున్నాడు. అంతలో ఆడవాళ్ళ ఏడుపు ఒక్కసారిగా తగ్గింది. తలెత్తి చూశాను. గట్టు మీద పక్క ఊరి ఆ మనిషి, చెప్పులు వదిలి, ఒంటరిగా నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు. మా ఊరి మగవాళ్ళు కొందరు కదిలారు.

మరిది పారతోనే ఆయన దగ్గరికి నడిచాడు. పార రెండు చేతుల్లో ఉంది. ఎదురుగా నిలబడి పారను ఆయన చేతికిచ్చాడు. ఇచ్చి, వీపు ఆయన వైపు తిప్పి, గుంత దాకా మెల్లగా నడిచి వచ్చాడు. ఆ మనిషి పార పట్టుకుని వాడి వెనకే దిగి వచ్చి, ఎర్రమట్టి ఎత్తి పోయసాగాడు. మరిది వెనక్కి తిరిగి చూడలేదు.