దసరా నాడు లేచిన పాత సర్వర్

హెప్సిబా కాల్హేర్‌లోని ఒక గోదాంలో కంప్యూటర్ల పని చూస్తుంది. వాళ్లమ్మ శారమ్మ టెంఘర్‌లో మరమగ్గాలకు నూలు కండెలు చుడుతుంది. కూతురి ఉద్యోగం పక్కా అయిన రోజే కండెలు మానేస్తానని ఏడాదిగా అంటోంది. పక్కా చేయాల్సింది యజమాని దత్తాత్రి సేటు. దసరా అయ్యాక చెబుతానన్నాడు.

దసరా అయింది. మర్నాడు పొద్దున, ఈ మధ్య చేరినవాళ్లు ఎన్నిసార్లు పాస్‌వర్డ్ కొట్టినా కంప్యూటర్లు తెరుచుకోలేదు. గేటు బయట లారీలు బారులు తీరాయి.

కంప్యూటర్లలోకి ఎవరిని రానివ్వాలో చూసే సర్వర్ ఒకటుంటుంది. పాతదాన్ని ఆపి, కొత్తది పెట్టి ఎనిమిది నెలలైంది. ఆ పాత పెట్టెను పారేయడానికి మాత్రం సేటు ఒప్పుకోలేదు. కంపెనీకి మొదటి మిషను కదా! హెప్సిబా వెళ్లి చూస్తే దానికి బంతిపూల దండ, కుంకుమ బొట్టు. పచ్చలైటు వెలుగుతోంది. నిన్న మిషన్లకు చేసిన పూజకు ఆమె లేదు. ఆ రోజు చర్చివాళ్లందరికీ ఏదో ఒక సొంత పని గుర్తొస్తుంది.

"సేట్, దీన్ని ఎవలు చాలూ జేసిన్రు?"

"నేనే. బంద్ ఉన్న మిషనుకు పూజ జేస్తరా ఎవలన్న? మగ్గమైనా గంతే, దండేసి ఓసారి నడపాలె." అంటూనే ఆయన మొహం చిన్నబోయింది. "గిదంత నాతోనే అయిందా?"

ఊఁ అంటే సరిపోయేది. సేటును నిలదీసేవాడు ఆ గోదాంలో లేడు. కానీ పాతదాన్ని ఆపిన రోజే కొత్త సర్వర్ లెక్కల్లోంచి దాని పేరు తీసేయాల్సింది ఆమే. రేపు, ఎల్లుండి అంటూ వదిలేసింది. పేరు ఉంది కాబట్టి కంప్యూటర్లు వెళ్లి దాన్నే అడిగాయి. దానికి పాత మనుషులే తెలుసు. హెప్సిబాకు గట్టిగానే భయం వేసింది.

"మీతోని గాదు సేట్. దాని పేరు అప్పుడే తుడువాల్సుండె. నేను తుడువలే. నా గల్తీ."

సేటు కుర్చీలో కూర్చున్నాడు.

"నేను పనిజేసిన కార్ఖానాల మగ్గం అమ్మితే, గోడ మీది నంబరుకు సున్నం గొట్టేది నా పని. ఓసారి మర్సిన. తెల్లారి కొత్త కారీగరు అచ్చి, నంబరు జూసుకొని ఖాళీ జాగల నిలవడ్డడు. పని రానోడని మాలిక్ వాన్ని ఎల్లగొట్టిండు. నేను నోరిప్పలే."

లేచి పాత సర్వర్ కరెంటు తీగ తానే పీకాడు. హెప్సిబా ఒక్కోచోట పేరు తీసేస్తుంటే పక్కనే కూర్చుని "అయిందా?" అని అడుగుతూనే ఉన్నాడు.

"ఇంకోకాడ ఉన్నది సేట్."

పన్నెండింటికి లారీలు కదిలాయి. సేటు తీగను చుట్టచుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"పెట్టె ఉండనియ్యి. గిది నీకాడ పెట్టుకో. అచ్చే దసరాకు నేనడిగినా ఇయ్యకు."

హెప్సిబా బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, రేపట్నించి కండెలు బంద్."