పండుకున్న బండలు

ఏది చేతికిచ్చినా హన్మయ్య ముందు తిరగేసి చూస్తాడు. కాగితమైతే వెనకవైపు. చెప్పులైతే అడుగు. చాయ్ గ్లాసును తిరగేయలేడు కాబట్టి పైకెత్తి కింది నుంచి చూస్తాడు. ధారూర్ దగ్గర వాళ్ళ ఊళ్ళో చాయ్ పోసే శంకరమ్మ, "మందేం కలపలే, తాగు కాకా" అంటుంది. అతను నవ్వడు.

వానలకు ముందు అతని కందిచేను పక్క వాగులో కొందరు వచ్చి తాండూరు బండలను అడ్డంగా వరుసగా నిలబెట్టారు. నడుమ సందులు వదిలి కంప కుక్కారు. పని చేయిస్తున్నది రచన అనే ఇంజనీరు.

"నీళ్ళు ఉరకకుండ జర నిదానిస్తయ్ తాతా. పక్కకు పారి భూమిల ఇంకుతయ్. కిందికి ఒక్కసారే పోవు, తాండూరు కాడ కాగ్నా నది పొంగుడు తగ్గుతది" అంది.

"నా చేను పక్కన్నే ఎందుకు?"

"ఇక్కడ వాగు లోతు తక్కువ."

హన్మయ్య బండల వెనక్కి వెళ్ళి చూశాడు. అంకె గాని, గుర్తు గాని లేదు. అదీ నచ్చలేదు. ఆ ఊళ్ళో నిలబెట్టిన బండ అంటే హద్దు. అతని తండ్రికీ చిన్నాయనకూ మాటలు పోయింది అలాంటి బండ ఒకటి మూరెడు జరిగినందుకే. ఇవాళ వాగులో నిలబడ్డది రేపు చేనులో నిలబడదని నమ్మకమేమిటి? ఆ చేను పోతే అతనికి ఇంకేమీ లేదు.

వాళ్ళ జీపు వెళ్ళిపోయాక, పట్టపగలే, గడ్డపారతో బండలన్నీ పెకిలించి గట్టున పడేశాడు.

ఆ వారమే పెద్ద వాన పడింది. వాగు ఎర్రగా, సూటిగా పోయింది. పోతూ పోతూ చేను అంచును కొరుక్కుపోయింది. మర్నాడు కూతురు శ్యామల తాండూరు నుంచి బస్సులో వచ్చింది. కాగ్నా పక్క పల్లపు వీధిలో ఆమె ఇల్లు. తడిసిన బియ్యం మూట ఎండబెట్టడానికి తెచ్చింది. అక్కడ ఎండిన చోటు లేదు.

తండ్రిని వెతుక్కుంటూ చేనుకు పోయి, గట్టున పడివున్న బండలను చూసి ఆగిపోయింది.

"నిన్ను ఆ మేడమే పంపిందా?" అన్నాడు హన్మయ్య.

"నీళ్ళు పంపినయ్ నాయినా. మంచం కోళ్ళు మునిగినయ్. పిల్లలను బల్ల మీద కూసోబెట్టిన."

"నా నాలుగు బండలకే తాండూరు మునిగిందా?"

"ఆమెనే అడుగు పో."

సాయంత్రం రచన వచ్చింది. బండలను చూసి కోప్పడలేదు. దాంతో అతనికి అనుమానం ఇంకా పెరిగింది. అయినా అడిగాడు.

"మీ ఒక్క వరుస పీకితే తాండూరు మునగదు, ఉంచితే వరద ఆగదు తాతా. పైనుంచి కిందిదాంక ఊరూరా ఉంటేనే ఆగుతది. అందరు పీకితే మాత్రం ఏం మిగలది."

హన్మయ్య ఆ మాటను కూడా తిరగేసి చూశాడు. మోసం చేసే మనిషైతే అవుననే అనాలి.

"నిలబెట్టొద్దు" అన్నాడు చివరికి. "పండబెట్టాలె. పండుకున్న బండ ఎవ్వరి భూమినీ అడగది. ఆడోళ్ళు దాని మీద బట్టలుతుకుతరు, గంతే."

"సందులిడిచి ఒకదాని మీదొకటి పేరిస్తే అయితది. నీళ్ళకు నిలబడ్డదేంది, పండుకున్నదేంది."

"బండలతోని గూడ సంతకం తీసుకుంటవా నాయినా?" అంది శ్యామల.

తెల్లవారి హన్మయ్య వాగులోకి దిగాడు. ఒక్కొక్క బండను ఎత్తి, తిరగేసి, అడుగు చూసి, ఒకదాని మీదొకటి పడుకోబెట్టాడు. సందుల్లో కంప కుక్కాడు. ఆ తర్వాత గడ్డపార భుజాన వేసుకుని, పై ఊరివాళ్ళు తమ బండలను ఉంచారో పీకారో చూడటానికి వాగుకు ఎదురు నడిచాడు.