తాతయ్యతో పుక్కిలింత పందెం

నా చిన్నప్పుడు, తెనాలిలో ఒక ఆసుపత్రి మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్న మా తాతయ్య, రెండో ముద్ద మింగి, "ఏమ్మా, పెసరకట్టులో ఉప్పెయ్యలేదా?" అని మా అమ్మను కసురుకున్నారు. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. పదకొండు రోజుల తర్వాత మామగారికి రుచి తెలిసిందన్న సంతోషం అది.

మాది రేపల్లె దగ్గర పెనుమూడి. ఆ ఏడు ముసుర్లో తాతయ్యకు నెమ్ము చేస్తే తెనాలి తీసుకొచ్చి చేర్పించారు. ఇంటి దగ్గర చూసుకునేవాళ్ళు లేక తొమ్మిదేళ్ల నన్ను కూడా అమ్మ వెంట తెచ్చుకుంది. ఇంజెక్షన్లతో వారానికి జ్వరం దిగింది, ఆయాసం తగ్గింది. గండం గడిచిందనుకున్నాం. కానీ ఆయన తిండి ముట్టడం లేదు. జావ పెడితే పెదాలు బిగించేవారు, బతిమాలితే గోడవైపు తిరిగేవారు. తినకపోతే సత్తువ ఎలా వస్తుందని డాక్టరు కూడా విసుక్కున్నారు. పదో రోజుకు నాన్న తేల్చేశారు. తాతయ్యకు బతకాలని లేదు, ఆ పోయేదేదో సొంత ఇంట్లోనే జరగనిద్దాం అని. మర్నాడు పొద్దున్నే రమ్మని కారు మాట్లాడారు.

ఆ సాయంత్రం దుప్పట్లు మార్చే ఆయమ్మ వచ్చింది. ఆదివారం చర్చికి వెళ్లొచ్చి గానీ పనిలోకి దిగని మనిషి. మా రేపల్లె ఆవిడే కావడంతో మాతో చనువుగా ఉండేది. తాతయ్య ఏదో అనబోతే మాట ముద్దగా వచ్చింది. ఆమె వంగి ఆయన నోరు తెరిపించి చూసింది. నేనూ తొంగి చూశాను. నాలుక మీద తెల్లగా మందంగా పాచి, బుగ్గల లోపల ఎర్రటి పుళ్ళు.

"నోరెప్పుడు కడిగారమ్మా?"

"జ్వరం మనిషికి చన్నీళ్ళు తగలనిస్తామా? ఇంకా పథ్యం స్నానం కాలేదుగా!" అంది అమ్మ.

మా ఇళ్లలో అదే పద్ధతి. జ్వరం పూర్తిగా పోయి, తలకు పోసి, పథ్యం పెట్టేదాకా పళ్ళు తోమించరు. నీళ్ళు తగిలితే చలి తిరగబెడుతుందని భయం. రోజూ కచ్చికతో పళ్ళు మెరిసేలా తోముకునే మనిషికి పది రోజులుగా చక్కెర బార్లీ నీళ్లే పోస్తున్నాం.

ఆయమ్మ కాచి చల్లార్చిన నీళ్ళలో మెత్తటి గుడ్డ తడిపి, వేలికి చుట్టి, తాతయ్య నాలుకా చిగుళ్ళూ నెమ్మదిగా తుడిచింది. తర్వాత పుక్కిలించమంటే ఆయన మొండికేశారు. ఆమె నావైపు తిరిగి, గోరువెచ్చటి ఉప్పునీళ్ళ గ్లాసు నా చేతికిచ్చింది.

"బుజ్జీ, మీ తాత నీకంటే ముందే ఊసేస్తాడు చూడు. ముసలాడైపోయాడుగా!"

అష్టాచెమ్మాలో కూడా నన్ను గెలవనివ్వని మనిషి మా తాతయ్య. చెయ్యి చాపి రెండో గ్లాసు అడిగారు. ఆయమ్మ ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి, "మింగకు తాతా, ఊసెయ్యాలి" అంది. ఇద్దరం బుగ్గలు ఉబ్బించుకుని ఒకరినొకరం చూసుకున్నాం. ఆయన కనుబొమలు ఎగరేశారు. నాకు నవ్వాగక నీళ్ళన్నీ గౌను మీద పోసుకున్నాను. తాతయ్య నింపాదిగా బేసిన్‌లో ఊసి, "ఓడింది" అన్నారు. చాలా రోజులకు స్పష్టంగా విన్న మాట అది.

పడుకునేముందు ఇంకోసారి, తెల్లారి మరోసారి పందెం వేశాం. ఆయమ్మ చెబితే డాక్టరు నోరు చూసి పుళ్ళకు మందు రాసిచ్చారు. కారు వచ్చి గేటు దగ్గర హారన్ కొడుతుంటే, "ఒక్క పూట ఆగండి బాబూ, కారెక్కడికి పోద్ది?" అని ఆయమ్మ నాన్నకు నచ్చజెప్పింది. ఆ మధ్యాహ్నమే ఉప్పు గొడవ జరిగింది. ఆరోజు ఆయన తిన్నది నాలుగు ముద్దలే. వారం తర్వాత తన కాళ్ళ మీద నడిచి బస్సెక్కారు.

అమ్మది తెలియనితనం అనడానికి నాకు నోరు రాదు. పదకొండు రాత్రులు మంచం కింద చాప మీద పడుకున్న మనిషి ఆమె. పొరపాటు మా అందరిదీ. ఆయన తినలేకపోతుంటే, తినడం ఇష్టం లేదనుకున్నాం.

మొన్న వానాకాలంలో బాపట్లలో మా ఆయనకు కడుపు ఆపరేషన్ అయింది. తినొచ్చని చెప్పిన మూడో రోజు ఇడ్లీ పక్కకు నెట్టేశారు. "మావయ్యగారికి తిండి మీద ధ్యాసే లేదండి" అంది కోడలు. నేను ఫోన్‌లో లైటు వేసి నోరు తెరవమన్నాను. "నువ్వేమన్నా డాక్టరువా ఏంటి?" అంటూనే తెరిచారు. అదే తెల్లటి పాచి. నర్సమ్మకు చూపిస్తే వెంటనే మందు తెప్పించింది. రెండు రోజులకు ఇడ్లీలోకి కారప్పొడి అడిగారు, ఇవ్వలేదనుకోండి.

ఎవరిని చూడటానికి ఆసుపత్రికి వెళ్లినా నేను ముందు నోరే చూస్తాను. మంచానికి తగిలించిన అట్ట మీది కాగితం కూడా చదువుతాను. జ్వరానికి, బీపీకి, షుగరుకు, మూత్రానికి విడివిడిగా గడులున్నాయి. నోటికి గడి ఏదని బాపట్లలో ఆ నర్సమ్మను అడిగాను.

"ఉండాలండి. మేమూ పైవాళ్ళను అడుగుతున్నాం, ఇంకా వెయ్యలేదు" అంది.