తలస్నానంతో పోనిది

నా గొంతు కింద చిక్కుడు గింజంత గడ్డ ఉందని మొదట కనిపెట్టింది మా కోడలు. ముద్ద మింగినప్పుడల్లా అది పైకీ కిందికీ కదులుతోందంది. నేను పట్టించుకోలేదు. నా కేకలు చేను దాకా వినబడుతుంటే ఆ గొంతుకు రోగమేమిటి? చివరికి ప్రొద్దుటూరులో సన్నని సూది గుచ్చి పరీక్షకు పంపితే థైరాయిడ్ క్యాన్సరని తేలింది. తిరుపతిలో ఆపరేషన్ చేసి థైరాయిడ్ అంతా తీసేశారు. మిగిలిన కణాలు చావడానికి రేడియో అయోడిన్ మందు మింగించారు. కొన్నాళ్లు నా ఒంట్లోంచి కంటికి కనబడని కిరణాలు వస్తాయనీ, గర్భిణులకూ చంటిపిల్లలకూ దూరంగా ఉండాలనీ డాక్టరమ్మ చెప్పింది.

మా పెద్ద మనవరాలికి అప్పుడు ఏడో నెల. జమ్మలమడుగులో అత్తవారింట్లో శ్రీమంతానికి ముహూర్తం పెట్టేశారు. పుట్టింటి పెద్ద ముత్తైదువగా ముందు నేనే ఒడిలో బియ్యం పోయాలి. రాలేనని పులివెందుల నుంచి ఫోన్ చేస్తే మనవరాలి అత్త తీసింది.

"దూరం కూచోవాలంటే మైలే గదత్తా. పసుపునీళ్లతో తలకి పోసుకోని రా."

"ఇది నీళ్లకు పోయే మైల కాదు."

"చీర పెట్టాల్సొస్తాదని రోగం అడ్డం పెట్టుకుంటాండావని నలుగురూ అనుకుంటారు."

"అనుకోనీ. చీర పంపిస్తా. నేను మాత్రం రాను."

నేను చీర కొంటానన్నానంటే జబ్బు శానా పెద్దదేనని మా ఇంటాయన వీధంతా చెప్పుకొచ్చాడు.

శ్రీమంతానికి ముందురోజు పొద్దున మనవరాలు మొగుణ్ణి వెంటబెట్టుకుని కారులో వచ్చి మా గేటు తీసింది. నేను కిటికీలోంచి చూశాను.

"ఆడనే నిలబడు. అడుగు ముందుకేస్తే కాళ్లిరగ్గొడతా."

"జేజీ, నా ఒళ్లో రెండు గింజలెయ్యి. పోతా."

"కడుపులో బిడ్డకు ఏమన్నా అయితే ఆ గింజలేం చేసుకుంటావు?"

"నువ్వు పొయ్యకుంటే నేను పీట మీద కూచోను."

"కూచోవాకు. డాక్టరమ్మ సరే అన్నాక నేనే వచ్చి కూచోబెడతా."

అది ఏడుపు మొదలుపెట్టింది. నా చెయ్యి తలుపు గడియ మీదికి పోయింది. వెనక్కి తీసుకుని కిటికీ రెక్కలు మూసేశాను. కారు కదిలిన చప్పుడు వినబడేదాకా గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

ముహూర్తం తొమ్మిదో నెలకు మార్చుకున్నారు. మళ్లీ పరీక్ష చేసి, ఇక భయం లేదని డాక్టరమ్మ చెప్పిన తర్వాతే జమ్మలమడుగు బస్సెక్కాను. బియ్యం పోసి మనవరాలి కడుపు మీద చెయ్యి వేస్తే లోపలి నుంచి గట్టిగా ఒక తన్ను.

"జేజీ, నీ మీద కోపంగా ఉన్నెట్టుందే."

"తన్ననీలే. కాళ్లు బాగుండాయి."