పాత కొలతతో వచ్చిన బ్లౌజు

2023లో నేను అమీర్‌పేటలో ఒక చిన్న ఆఫీసు గది అద్దెకు తీసుకుని పనిచేసేదాన్ని. దుకాణాల్లో రోజూ చేతితో చేసే పనులను కంప్యూటర్ తనంతట తానే చేసేలా స్క్రిప్టులు రాస్తాను. ఎవరో రాసి వదిలేసినవాటిని బాగుచేస్తాను కూడా. తిక్క రేగేది ఈ రెండో పనితోనే.

ఒక శనివారం పొద్దున రాజేశ్వరక్క ఫోన్ చేసింది. ఆమెది పంజాగుట్టలో లేడీస్ టైలరింగ్ షాపు. సిరిసిల్లలో మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి, బట్ట విషయంలో ఒక పట్టాన ఒప్పుకోదు.

“చెల్లె, జల్దీ రా. మస్తు పరేషాన్‌ల ఉన్న.”

వెళ్లేసరికి షాపులో విజయ మేడమ్ కూర్చుని ఉన్నారు. ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం ఆమెకు. రొమ్ము ఆపరేషన్ అయి, చాలా నెలల సెలవు తర్వాత సోమవారం డ్యూటీలో చేరాలి. ఆ రోజు కట్టుకునే చీర మీదికి బ్లౌజు కుట్టడానికి అక్క ఆమె ఇంటికే వెళ్లి, తలుపు వేసి, కుడి ఎడమ వేరువేరుగా కొత్త కొలతలు తీసుకుంది. తీరా చూస్తే బ్లౌజు ఆపరేషన్‌కు ముందటి కొలతతో వచ్చింది. విజయ మేడమ్ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

“నేను కంప్యూటర్ల కరెక్ట్‌గనే ఎక్కించిన. కటింగ్ మాస్టర్ సుత చీటీల ఉన్నట్టే కట్ చేసిండు. మరి గీ పాత కొలత ఏడికెల్లి వచ్చింది?” అక్క కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

కంప్యూటర్ తెరిచి చూశాను. ఆ షాపులో ఆర్డర్ రాగానే స్క్రిప్ట్ కస్టమర్ కొలతలు వెతికి, కటింగ్ మాస్టర్‌కు చీటీ ప్రింట్ చేస్తుంది. ఆ కొలతలు నెస్టెడ్ డేటాగా ఉంటాయి. అంటే బీరువాలో అర, అరలో డబ్బా అన్నట్టు ఒకదానిలో ఒకటి. కస్టమర్ పేరు, అందులో బ్లౌజు, అందులో ఛాతీ, అక్కడ ఒక అంకె. అందరికీ అక్కడితో సరి. విజయ మేడమ్‌కు మాత్రం అక్క ఛాతీ లోపల కుడి, ఎడమ అని ఇంకో రెండు అరలు పెట్టింది. 

స్క్రిప్ట్ ఛాతీ దాకా వచ్చింది. అక్కడ అంకె కనబడలేదు. అప్పుడైనా ఆగి అడగాలి కదా? అడగకుండా పాత ఆర్డర్‌లోని అంకె తెచ్చి చీటీ మీద వేసేసింది. వెతికింది దొరక్కపోతే దాని బదులు వాడేదాన్ని మేము ఫాల్‌బ్యాక్ అంటాం. ఏ మహానుభావుడు రాశాడో గానీ నాకు ఒళ్లు మండిపోయింది. దొరకలేదని చెప్పడానికి ఒక్క లైను చాలు కదా!

ఇదంతా అక్కకు చెబుతుంటే విజయ మేడమ్ నోరు తెరిచారు.

“ఇంట్ల అందరు గిట్లనే అంటున్నరమ్మా. నీకేం కాలే, ఎప్పటి లెక్కనే ఉన్నవ్ అని. నా మంచికే అంటున్నరు. ఆఖరికి మీ కంప్యూటర్ సుత గదే అన్నది.” బ్లౌజు మడతపెట్టి, “సెలవు పెంచుకుంట. నలుగుర్ల ఎట్ల నిలవడాలె?” అన్నారు.

నాకు చాలా బాధేసింది. అక్క పోయి ఆమె పక్కన కూర్చుంది.

“ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్. పాతది పెద్ద కొలతనే, బట్ట సరిపోతది. కుట్లు విప్పి నేనే కుడత.”

నేను ఫాల్‌బ్యాక్ తీసేశాను. ఛాతీ లోపల రెండు అంకెలుంటే రెండూ ప్రింట్ కావాలి. ఏదీ దొరక్కపోతే ప్రింట్ ఆగి, “కొలత దొరకలేదు, కస్టమర్‌ను అడగండి” అని రావాలి. కొత్త చీటీ రాగానే విజయ మేడమ్ చెయ్యి చాపి తీసుకున్నారు. పక్కపక్కన ఉన్న రెండు అంకెలను చాలాసేపు చూశారు.

“గిది నాదే,” అని అక్క చేతిలో పెట్టారు.

ఇప్పుడు ఎవరి స్క్రిప్ట్ చేతికొచ్చినా, దొరకనిదాన్ని దొరికినట్టు ఎక్కడ చూపిస్తోందో ముందు అదే చూస్తాను. పని కాసేపు ఆగినా ఫరవాలేదు, అడిగితే మనుషులు చెబుతారు.

సోమవారం సాయంత్రం అక్క మళ్లీ ఫోన్ చేసింది. “మేడమ్ డ్యూటీకి పోయింది చెల్లె! ఆఫీసుల ఎవరో, నువ్వేం మారలేదన్నరంట. మారిన, ఆపరేషన్ అయింది, అని చెప్పి పోయి సీట్ల కూసున్నదంట.”