తోకగుడ్డ లుహెండే

సరస్సు ఒడ్డున ఉన్న మా వైమానిక స్థావరంలో నాలుగు వందల మంది మగవాళ్ళుంటే, సూదీ దారం పట్టుకుని బతికినవాడు లుహెండే ఒక్కడే. సుకుమా తెగ రైతు బిడ్డ, ఆరడుగుల మనిషి. ఆ చేతులు చూస్తే గొడ్డలి పట్టాల్సినవి అనిపిస్తుంది. కానీ అతను కుట్టు వేశాడంటే, వేసిన చోటు వెతుక్కోవాల్సిందే. క్వార్టర్సులో పిల్లల స్కూలు నిక్కర్లు చిరిగితే అతని దగ్గరికే వచ్చేవి.

"ఏం పెద్దన్నా, పండక్కి గౌను కుట్టుకున్నావా?" అని మెకానిక్కులు ఏడిపించేవాళ్ళు.

"ముందు మీ ఆవిడది కానీ, తర్వాత నాది" అనేవాడు తల ఎత్తకుండా.

అతని అసలు పని జెట్ విమానాల తోకగుడ్డ. కాగితాల మీద దాని పేరు బ్రేకు పారాచూట్. మిగ్ విమానం నేల తాకేటప్పటి వేగానికి చక్రాల బ్రేకులు ఒక్కటే చాలవు. పైలట్ మీట నొక్కితే తోకలోంచి ఈ గుడ్డ విచ్చుకుని విమానాన్ని వెనక్కి లాగుతుంది. రన్‌వే చివర దాన్ని వదిలేసి విమానం పక్కకు తిరుగుతుంది. అప్పుడు లుహెండే ట్రక్కులో వెళ్ళి గుడ్డను ఎత్తుకొస్తాడు. ఎత్తైన షెడ్డులో వేలాడదీసి ఆరబెడతాడు. వెలుతురుకు పట్టి అంగుళం వదలకుండా చూస్తాడు. మడిచి, మోకాళ్ళతో అదిమి పెట్టెలో కూరి, రిజిస్టరులో సంతకం పెడతాడు. గోరంత చిల్లు కనిపించినా ఆ గుడ్డ పనికిరాదని రాసి పక్కన పడేయాలి. పదమూడేళ్ళు ఆ నియమం తప్పలేదు మహానుభావుడు. అతని సంతకం ఉందంటే పైలట్లు ఇక పెట్టె వంక చూసేవాళ్ళే కాదు.

పక్కన పడేసిన గుడ్డలతో మాకు ఇంకో ఉపయోగం ఉండేది. ఎవరింట్లో పెళ్ళయినా అవే పందిళ్ళు. చిరుగులకు అతుకులేసి, నాలుగు వెదురు గడలకు కట్టేవాళ్ళం. పై అధికారులు చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్ళు, వాళ్ళూ ఆ నీడలోనే కూర్చుని తినేవాళ్ళు కాబట్టి.

ఎనభై ఆరులో లుహెండే కూతురు కబులాకు షిన్యాంగాలో సంబంధం కుదిరింది. పత్తి వ్యాపారం చేసే కుటుంబం, కాస్త కలిగినవాళ్ళు. కాబోయే వియ్యపురాలు ఓసారి మా క్వార్టర్సులో వేరే పెళ్ళికి వచ్చి, పైకి చూసి, "విమానాలవాళ్ళింట్లో కూడా అతుకుల పందిరేనా, పాపం" అంది. ఆవిడ మామూలుగానే అందో, ఎత్తిపొడుపుగా అందో దేవుడికెరుక. లుహెండేకు మాత్రం ఆ మాట ముల్లులా దిగింది.

పెళ్ళికి రెండు రోజుల ముందు భార్య మింజాతో చెప్పాడు. "షెడ్డులో కొత్త గుడ్డ ఒకటుంది. ఒక్క పూట తెచ్చి కడతా. తెల్లారేసరికి దాని చోట అది ఉంటుంది."

"ఏమయ్యా, మతి గానీ పోయిందా నీకు? ఆవిడ నోటికి జడిసి ఉద్యోగం మీదికి తెచ్చుకుంటావా?"

"పదమూడేళ్ళలో ఒక్క తప్పు చేశానా?"

"చెయ్యలేదు కాబట్టే వద్దంటున్నా."

వినలేదు. వింటే ఈ కథే లేదు. కొత్త గుడ్డ మల్లెపువ్వులా విచ్చుకుని పందిరిగా నిలబడితే వియ్యపురాలు తల పైకెత్తి చూస్తూనే ఉండిపోయింది. స్థావరం పైలట్లు కూడా వచ్చారు. అందరిలోకీ సరదా మనిషి కెప్టెన్ కిసంగా చొక్కా తడిసిపోయేదాకా ఆడాడు. లుహెండే చేతులు పట్టి లాగి అతని చేత కూడా నాలుగు అడుగులు వేయించాడు. ఆ పూట లుహెండే అంతటి మారాజు లేడు.

మధ్యాహ్నం సరస్సు మీదినుంచి గాలి లేచింది. మేకమాంసం కాలుస్తున్న పొయ్యిలోంచి నిప్పురవ్వలు ఎగిరాయి. మర్నాడు గుడ్డ విప్పి చూస్తే, అంచు కుట్టు పక్కన శనగగింజంత చిల్లు. చుట్టూ నైలాను కరిగి గట్టిపడి ఉంది.

పనికిరాదని రాయాలి. రాస్తే, ఒక్కసారి కూడా వాడని గుడ్డకు నిప్పు ఎలా తగిలిందని అడుగుతారు. లుహెండే షెడ్డు తలుపు వేసుకుని కూర్చున్నాడు. జన్మలో వేయనంత సన్నటి కుట్టు వేశాడు. వెలుతురుకు పట్టి చూస్తే తనకే కనపడలేదు. పెట్టెలో కూరి సంతకం పెట్టాడు.

మూడు వారాలకు ఆ పెట్టె కిసంగా విమానానికి వెళ్ళింది. ఆ రోజు వాన, రన్‌వే అంతా నీళ్ళు. గుడ్డ విచ్చుకుంది, మరుక్షణం అంచు దగ్గర చీలి పీలికలైంది. విమానం ఆగలేదు. రన్‌వే దాటి, రాళ్ళ మీద ముక్కు విరుచుకుని, సరస్సు నీళ్ళలో ఆగింది. కిసంగా ప్రాణాలతో బయటపడ్డాడు, మోకాలు మాత్రం నుజ్జయింది. విమానం ఇక లేవలేదు. గుడ్డ పీలికలు నీళ్ళలో కొట్టుకుపోయాయి.

దారెస్సలాంలోని పెద్దాఫీసు నుంచి ముగ్గురు అధికారులు విచారణకు వచ్చారు. వాళ్ళు రావడానికి ముందు రోజు కిసంగా ఊతకర్రల మీద షెడ్డుకు వచ్చాడు. లుహెండే "అఫండే" అంటూ లేచి సెల్యూట్ కొట్టాడు.

"కూర్చో, కూర్చో. ఒక్క మాట అడిగి పోతాను. ఆ గుడ్డ బాగానే ఉందా?"

కబులా కాపురానికి వెళ్ళి నెల కూడా కాలేదు. జైలు, వియ్యపురాలి నవ్వు, ఇద్దరు చిన్నపిల్లల చదువు, అన్నీ ఒక్కసారే లుహెండే కళ్ళముందు తిరిగాయి.

"బాగానే ఉంది, అఫండే."

"నువ్వు చెప్పావంటే సరే. అయితే తప్పు నాదే అన్నమాట" అన్నాడు కిసంగా. ఊతకర్రలు సర్దుకుని మెల్లగా వెళ్ళిపోయాడు.

విచారణలోనూ లుహెండే ఆ ముక్కే చెప్పాడు. మంచి గుడ్డ చిరిగిందంటే పైలట్ హద్దు మీరిన వేగంతో దిగి ఉంటాడని ముగ్గురూ తేల్చారు. కిసంగాను ఇక విమానం ఎక్కనివ్వలేదు. స్టోరులో దుప్పట్లు లెక్కపెట్టే పనిలో వేశారు. రెండేళ్ళు చేసి, ఉద్యోగం వదిలి, ముసోమాలో అక్క ఇంటికి వెళ్ళిపోయాడు.

"ఇప్పుడైనా చెప్పవయ్యా" అని మింజా ఎన్నిసార్లందో లెక్కలేదు. కబులాకు బిడ్డ పుట్టనీ అన్నాడు. చిన్నాడి చదువు కానీ అన్నాడు. రిటైరు కానీ అన్నాడు. అన్నీ అయ్యాయి. ఏ మొహం పెట్టుకుని వెళ్ళడం అన్నాడు. చివరికి మింజా చనిపోయింది. ఆమె సమాధి దగ్గర్నుంచి ఇంటికొచ్చాక అతనికి ఇల్లు భరించరానిదైంది. సంచిలో రెండు చొక్కాలు పెట్టుకుని ముసోమా బస్సెక్కాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు గడిచాయి.

కిసంగా పిండిమర నడుపుతున్నాడు. జుట్టు నెరిసి, కుడికాలు ఈడుస్తూ, ఒంటినిండా మొక్కజొన్న పిండితో ఉన్నాడు. లుహెండేను చూడగానే గుర్తుపట్టి సంబరంగా చేతులు పట్టుకున్నాడు. బల్ల మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆ టీ తాగకుండానే లుహెండే మొత్తం చెప్పేశాడు. పందిరి, నిప్పురవ్వ, కుట్టు, సంతకం.

"ఎక్కడ రాసిమ్మంటే అక్కడ రాసిస్తాను, అఫండే. జైలుకైనా పోతాను."

కిసంగా చేతులకంటిన పిండి దులుపుకున్నాడు. ఆడవాళ్ళు ఇద్దరు గంపలు దించుకుని గుమ్మంలో ఎదురుచూస్తున్నారు.

"ఆ రోజు దిగేటప్పుడు నేను వేగం చూపే సూది చూశాను లుహెండే" అన్నాడు. "గంటకు రెండు వందల తొంభై కిలోమీటర్లు. కచ్చితంగా చూశాను. విచారణవాళ్ళు మూడు వందల నలభై అన్నారు. మొదట్లో నవ్వుకున్నాను. ఏడాది తిరిగేసరికి నాకూ మూడు వందల నలభై కనపడటం మొదలైంది. కళ్ళు మూసుకుంటే అదే. తర్వాత అరూషా నుంచి చిన్న విమానాలవాళ్ళు పిలిచారు, కాలు కుంటిదైనా ఫర్వాలేదన్నారు. నేనే పోలేదు. నా కళ్ళను నేనే నమ్మనప్పుడు, వెనక కూర్చున్నవాళ్ళను ఎలా మోస్తాను?"

"నా వల్లే" అన్నాడు లుహెండే. కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా తోచలేదు.

"పిల్ల పెళ్ళికి ఆశపడ్డావు. భయపడ్డావు. అదంతా నాకు అర్థమవుతుంది" అన్నాడు కిసంగా. అతని గొంతులో కోపం లేదు, అదే లుహెండేకు భరించలేనిదైంది. "విచారణలో అబద్ధం చెప్పావు, సరే. కానీ ముందురోజు నీ దగ్గరికి వచ్చాను చూడు, అది వాళ్ళ కోసం కాదయ్యా. నాకోసం. నా చెవిలో ఒక్క మాట చెప్పి ఉంటే, బయట ఒక్కడికి చెప్పేవాణ్ణి కాదు. శిక్ష నేనే పడేవాణ్ణి. నా కళ్ళు నాకు మిగిలేవి."

కిసంగా లేచి, కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి, ఆడవాళ్ళ గంపలు అందుకుని మర ఆడించడం మొదలుపెట్టాడు.